సగం వాంగ్మూలం

వాల్ట్ హెస్లప్ చనిపోయిన ఆదివారం పొద్దున గాలి విపరీతంగా వీచింది. ఇంకా పూర్తిగా తెల్లవారక ముందే అతను తోట నుంచి ఇంటికొచ్చి, నిలబడే ఒక కప్పు టీ తాగాడు. బూట్లు విప్పలేదు. లీక్ అనే లావుపాటి ఉల్లికాడల పోటీ ప్రదర్శన వారంలోకి వచ్చేసింది. ఆ వారం కార్‌మూర్‌లో మగాళ్లెవరూ ఇళ్లలో పడుకోరు. ఎవరి మడి దగ్గర వాళ్లు, ఎవరి షెడ్డులో వాళ్లు, మడతకుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని కాపలా ఉంటారు. మోచెయ్యంత లావు పెంచిన ఉల్లిని ఎవడో ఓర్వలేనివాడు ఒక్క చాకు గాటుతో పాడుచేసిపోతాడని భయం. గని మూతపడ్డాక ఆ ఊరి మగాళ్లకు భయపడడానికి కూడా అదొక్కటే మిగిలింది.

"పక్క మడిలో ఆల్ఫ్ ప్లాస్టిక్ పట్టా లేచిపోతోంది, వినపడుతోందా?" అన్నాడు వాల్ట్ కప్పు కింద పెడుతూ. "మొక్కలన్నీ విరిగిపోతాయి. వాడు నిద్రపోతే ఫిరంగి పేల్చినా లేవడు. వెళ్లి కట్టేసి వస్తా."

"లేపి, వాణ్ణే కట్టుకోమనొచ్చుగా," అంది డోరీన్.

"ఏడాదికి మొన్ననే నాతో మాట్లాడాడు. పొద్దున్నే లేపి తిట్లు తినమంటావా?" అని నవ్వి, తలుపు పక్కనున్న పురికొస ఉండ తీసి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

డోరీన్ పెనం మీద బేకన్ ముక్కలు పరుస్తుండగా వెనక తలుపు ఎవరో తట్టారు. కార్‌మూర్‌లో వెనక తలుపు ఎవరూ తట్టరు, తోసుకుని వచ్చేస్తారు. ఆమె వెళ్లి తీసింది. ఆల్ఫ్ ఫెన్‌విక్ నిలబడి ఉన్నాడు. చేతిలో పార ఉంది. టోపీ లేదు.

"డోరీన్, వాల్ట్ లేవట్లేదు," అన్నాడు.

"ఎక్కడ?"

"నా మడిలో. ఎవడో వంగి ఉన్నాడు. చేతిలో చాకు. వెనకనించి ఒక్కటి వేశాను. వాల్ట్ అని పడ్డాక చూశాను. లేవట్లేదు."

డోరీన్ పొయ్యి ఆర్పింది. ఆర్పాలని ఆ క్షణంలో ఎలా తోచిందో తర్వాత ఆమెకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

వాల్ట్ పక్కకు తిరిగి పడి ఉన్నాడు. మడి గట్టుకి ఆసరాగా వేసిన పాత రైలుపట్టాల దుంగ మీద తల ఆనుకుని ఉంది. నిద్రలో దిండు సర్దుకున్నవాడిలా ఉన్నాడు, కళ్లు మాత్రం మూసి లేవు. కుడిచెయ్యి దగ్గర మట్టిలో తెరిచిన చాకు. లీకుల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాకి మూడు మూలలు కట్టి ఉన్నాయి. నాలుగోది గాలికి కొట్టుకుంటోంది. దాని కింద ఆల్ఫ్ లీకులు తెల్లగా, నిండుగా, ఒక్క ఆకు కూడా నలగకుండా ఉన్నాయి.

పోలీసులు వచ్చేదాకా ఆల్ఫ్ అక్కడే ఉన్నాడు. పార అంచుకి అంటిన మట్టి గట్టుకి గీకి, షెడ్డు గోడకి నిలబెట్టాడు. నలభై ఏళ్లు పని చేసిన చెయ్యి దానంతటదే ఆ పని చేసింది. తర్వాత కానిస్టేబుల్ ముందుకొచ్చి, "నేనే," అన్నాడు.

*

సోమవారం డిటెక్టివ్ సార్జెంట్ రాబ్సన్ వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. మెత్తగా మాట్లాడే మనిషి. డోరీన్ టీ పోసింది. ఎదురుగా వాల్ట్ కుర్చీ ఖాళీగా ఉన్నా ఆయన అందులో కూర్చోకుండా పక్క కుర్చీ లాక్కున్నాడు. అది ఆమె గమనించింది.

వాల్ట్ వెళ్లేముందు అన్న మాటలు ఆమె అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

"ఇబ్బందేమిటంటే," అన్నాడాయన, "మూడు మూలలు కట్టి ఉన్నాయి, ఒకటి విడి ఉంది. మీ ఆయన కడుతున్నాడో, విప్పుతున్నాడో చూసినవాళ్లు లేరు. ఫెన్‌విక్ కూడా చెప్పలేకపోతున్నాడు. గాలి వచ్చినప్పుడు నిద్రపోతున్నాడట. పడుకునేముందు నాలుగూ కట్టానంటున్నాడు."

"కట్టి ఉంటే ఎగిరిన చప్పుడు మా ఇంటిదాకా ఎలా వినపడింది?"

"మీకు వినపడింది. అదీ నిజమే." ఆయన రాసుకున్నాడు. "అమ్మా, నేను ముఖ్యంగా అడగాల్సింది ఇంకొకటుంది. ఫెన్‌విక్ కొట్టాడు. ఆ సంగతి వాడే ఒప్పుకున్నాడు. పార వెడల్పు వైపు భుజానికి తగిలింది, తల దుంగకి తగిలి పోయాడు. ఇక తేలాల్సింది ఒక్కటే, కొట్టినప్పుడు వాడి మనసులో ఏముందని. చంపాలనే ఉండక్కర్లేదు. మంచం పట్టేలా కొట్టాలని ఉన్నా చాలు, చట్టానికి అది మర్డరే. అంత ఉద్దేశం లేకుండా కొడితే, మనిషి పోయినా అది మాన్‌స్లాటర్."

"పోయింది అదే మనిషి కదా?"

"అదే మనిషి. శిక్ష వేరు. మర్డర్ అయితే జడ్జి చేతిలో కూడా ఏమీ లేదు, జీవిత ఖైదే. రెండోది అయితే కొన్నేళ్లు." ఆయన కలం తిప్పుతూ కూర్చున్నాడు. "శుక్రవారం సాయంత్రం క్లబ్బులో ఫెన్‌విక్ ఏదో అన్నాడని విన్నాం. పద్దెనిమిది మందిని అడిగాం. ఎవరూ వినలేదంటున్నారు. మీరు ఆ వేళ కౌంటర్లో ఉన్నారు."

డోరీన్ క్లబ్బులో బీరు పోసే పని చేస్తుంది. ఆ సాయంత్రం ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. అంతకుముందు ఏడాది, ప్రదర్శనకి ముందు, ఆల్ఫ్ లీకుల్ని ఎవడో వరసగా కోసేశాడు. అప్పటిదాకా ఇద్దరూ వంతులేసుకుని కాపలా కాసేవారు. ఆ వేళ వంతు వాల్ట్‌ది. వాల్ట్ నిద్రపోయాడు. ఆల్ఫ్ ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడంతోనే ఏడాది గడిపాడు. ఈ సెప్టెంబరు శుక్రవారం, క్లబ్బు నిండా జనం ఉండగా, కౌంటర్ దగ్గర గ్లాసు పట్టుకుని వాల్ట్ కళ్లలోకి చూస్తూ అన్నాడు.

"'ఈసారి నా లీకుల మీద చెయ్యి వేసినవాణ్ణి చంపేస్తా. పక్కింటివాడైనా సరే' అన్నాడు," అని చెప్పింది డోరీన్.

"ఎవరిని చూస్తూ?"

"మా ఆయన్ని చూస్తూ."

ఆయన రాసుకున్నాడు. కలం కాగితం మీద ఒక క్షణం ఆగింది.

"అంతేనా?"

"అంతే," అంది డోరీన్.

*

బుధవారం పొద్దున్న క్లబ్బు తుడవడానికి వెళ్లింది. పనికి రానక్కర్లేదని కార్యదర్శి సెప్ టర్న్‌బుల్ కబురు పంపినా వెళ్లింది. ఇంట్లో ఉంటే వెనక తలుపు కనిపిస్తూ ఉంటుంది.

హాలులో బల్లలు అప్పటికే గోడల వెంట వేసి ఉన్నాయి. వాటి మీద నల్లగుడ్డ పరిచారు. శనివారం వాటి మీదే లీకులు పెడతారు. డోరీన్ నేల తుడుస్తూ ఉంటే సెప్ వచ్చి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, కాసేపు కిటికీ వైపు చూశాడు.

"పోలీసులకి చెప్పావటగా, తల్లీ."

"అడిగారు. చెప్పాను."

"మేమెవరం ఏమీ వినలేదని చెప్పాం."

"విన్నారుగా."

"విన్నాం. కానీ వినలేదు." సెప్ తల గోక్కున్నాడు. "అది కూడా ఒక మాటేనా డోరీన్? సెప్టెంబరొస్తే ప్రతివాడూ అనే మాటే. నేననలేదూ? మీ వాల్ట్ అనలేదూ? ఆ వెనక బెంచీ మీద కూర్చునే ముసలి హెన్రీ, లేచి నిలబడడానికి ఇద్దరు సాయం పట్టాలి, వాడూ ఏటా నలుగురైదుగుర్ని చంపుతాడు."

"మరి ఆ తర్వాత జరిగింది చెప్పలేకపోయారా? వాల్ట్ ఏమన్నాడో, ఆల్ఫ్ ఏం చేశాడో?"

"ఎలా చెబుతాం? మొదటి మాట వినలేదన్నాక రెండో మాట విన్నామని ఎలా అంటాం? ఆల్ఫ్‌ని కాపాడదామనే కదా అందరం చెవిటివాళ్లమయ్యాం."

డోరీన్ గుడ్డ బకెట్లో ముంచి పిండింది. నల్లటి నీళ్లు కారాయి. ఊరంతా కలిసి ఆల్ఫ్ కోసం తలుపు మూశారు. మూసేశాక, అతను బయటికి రాగల ఒకే ఒక్క దారి లోపలే ఉండిపోయిందని ఇప్పుడు తెలుసుకున్నారు. ఆ తాళంచెవి ఆమె దగ్గర ఉంది. ఆ సంగతి సెప్‌కి తెలుసు. అయినా అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.

అతను అడిగింది ఇంకొకటి. "శనివారం సంగతి కమిటీ మాట్లాడుకుంది. వాల్ట్ లీకులు ఈసారి బల్ల మీద పెట్టకపోతే మేలేమో అనుకున్నారు."

డోరీన్ నిలబడింది. "ఎందుకు?"

"నేను కాదు తల్లీ, జనం. చాకు సంగతి అందరికీ తెలిసిపోయింది. పట్టా విడి ఉందని కూడా. నిరుటిది కూడా అందరికీ గుర్తుంది కదా, ఆ వేళ వంతు ఎవరిదో."

"పురికొస కోయడానికి చాకు కాక పళ్లు వాడతారా? నీ జేబులో లేదా చాకు?"

సెప్ జేబు మీదకి చెయ్యి పోనిచ్చాడు. ఉంది. "ఉంది," అన్నాడు. "కానీ నేను నా మడిలోనే ఉన్నాను కదా."

*

గురువారం ఆమె మడికి వెళ్లి వాల్ట్ లీకులు తవ్వింది. ప్రదర్శనకి కాదు. వదిలేస్తే నేలలోనే పగిలిపోతాయి. వాల్ట్ తవ్వేటప్పుడు ఎన్నోసార్లు పక్కన నిలబడి చూసింది గానీ ఆమె చెయ్యి పెట్టడం ఇదే మొదలు. చుట్టూ మట్టి గుల్ల చేసి, వేళ్లు తెగకుండా అడుగు నుంచి రెండు చేతులతో ఎత్తాలి. పసిబిడ్డని తొట్టిలోంచి తీసినట్టు అనేవాడు వాల్ట్. వాళ్లకి బిడ్డలు లేరు. ఎక్కడ చూసి నేర్చుకున్నాడో.

ఒకే ఈడు, ఒకే లావు చూసి మూడు ఏరింది. కొళాయి కింద పెట్టి, మెత్తటి గుడ్డతో పై నుంచి కిందికి, ఒకే వైపుకి తుడిచింది. మట్టి పోతుంటే లోపలి తెలుపు బయటపడుతోంది. పక్క మడి చుట్టూ పోలీసులు కట్టిన నీలం రిబ్బను గాలికి ఊగుతోంది. అవతల ఆల్ఫ్ లీకులు పట్టా కిందే ఉన్నాయి. నాలుగో మూల కూడా ఎవరో కట్టేశారు.

గేటు దగ్గర ఆల్ఫ్ భార్య నాన్సీ ఫెన్‌విక్ నిలబడింది. చేతిలో బట్టలో చుట్టిన గుండ్రటి స్టాటీ రొట్టె. ఇద్దరూ ఒకే బళ్లో చదివారు, ఒకే నెలలో పెళ్లిళ్లు చేసుకున్నారు. ఆదివారం నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

"పొద్దున్న కాల్చాను," అంది నాన్సీ. "పారేస్తావేమో. పారేసినా సరే, తెచ్చాను."

"అక్కడ పెట్టు."

నాన్సీ గట్టు మీద పెట్టింది. వెళ్లలేదు. "జైల్లో చూసొచ్చాను. తిండి తినట్లేదు. 'వాల్ట్ అని తెలిస్తే ఎందుకు కొడతానే' అని అదే మాట, అరిగిపోయిన రికార్డులా. శుక్రవారం ఇంటికొచ్చి కూడా ఒకే మాట తిప్పి తిప్పి అన్నాడు. 'వాల్ట్‌తో మాట్లాడానే' అని. పెళ్లినాడు కూడా అంత సంబరం చూళ్లేదు వాడి మొహంలో."

డోరీన్ గుడ్డ తడిపి రెండో లీకు తీసుకుంది.

"నిరుడు మీవాడు నిద్రపోయాడు," అంది నాన్సీ. "ఈ ఏడు మావాడు నిద్రపోయాడు. ఇంతే కదే తేడా."

"మీవాడు లేచాడు. తేడా అది."

నాన్సీ ఏడవలేదు. ఆ ఊళ్లో ఆడవాళ్లు ప్రమాదం జరిగినప్పుడల్లా గని గేటు దగ్గర నిలబడి నిలబడి, ఏడుపు ఇంటికి తీసుకెళ్లడం అలవాటు చేసుకున్నారు. ఆమె గేటు గడియ పట్టుకుని అటూ ఇటూ జరిపింది.

"ఒక్కటి అడుగుతా, తప్పుగా అనుకోకు. వాల్ట్ ఎందుకొచ్చాడు? నిజం చెప్పు. నిరుడు కూడా వాడేనా?"

చేతిలో లీకు ఆకు ఒకటి పుటుక్కున విరిగింది. వాల్ట్ అయితే ఆ ఒక్క ఆకుకి రోజంతా మాట్లాడేవాడు కాదు.

"పట్టా కట్టడానికొచ్చాడు," అంది డోరీన్. "మీ పట్టా. వెళ్లేముందు నాతో చెప్పి వెళ్లాడు. పోలీసులు రాసుకున్నారు. కోర్టులో ప్రమాణం చేసి చెబుతాను, అప్పుడు నువ్వూ వింటావు, ఊరూ వింటుంది."

"సరే," అంది నాన్సీ. నమ్మిన గొంతు కాదు, నమ్మని గొంతూ కాదు. రొట్టె అక్కడే వదిలేసి వెళ్లింది.

*

శుక్రవారం డోరీన్ బస్సెక్కి పోలీస్ స్టేషన్‌కి వెళ్లింది. మంచితనంతో వెళ్లలేదు. ఆల్ఫ్ జైల్లోనే ముసలివాడైపోతే ఆమెకు ఏ బాధా లేదు. ఆదివారం నుంచి ఆ పార చప్పుడు ఆమె వినకపోయినా వింటూనే ఉంది. కానీ గురువారం నాన్సీ వెళ్లాక, లీకులు ఇంటికి మోస్తుండగా, ఒక సంగతి ఆమెకు మింగుడుపడలేదు. ఆ శుక్రవారం క్లబ్బులో వాల్ట్ అన్న మాట, అందరి ముందూ అతను అన్న చివరి మాట, దాన్ని మాయం చేసింది తనే. ఆ మాటకి ఆల్ఫ్ నవ్విన నవ్వుని తుడిచేయాలంటే ముందున్న వాల్ట్ మాటని తుడిచేయాలి. తుడిచేసింది. ఊరు వాల్ట్‌కి లేనిది అంటగడుతుంటే, తను ఉన్నది తీసేసింది.

సార్జెంట్ రాబ్సన్ ఆమెను చిన్న గదిలో కూర్చోబెట్టాడు.

"సోమవారం 'అంతేనా' అని అడిగారు," అంది. "అంతే కాదు."

ఆయన కలం తీశాడు.

"ఆల్ఫ్ ఆ మాట అనగానే క్లబ్బంతా చప్పబడిపోయింది. నేను పోస్తున్న గ్లాసు పొంగి చెయ్యి తడిసింది. అప్పుడు మా ఆయన అన్నాడు, 'చంపేట్టయితే సరిగ్గా చంపరా ఆల్ఫ్. సగం చచ్చి ఇంటికెళితే డోరీన్ మిగతా సగం చేస్తుంది' అని. ఆల్ఫ్ ఒక్క క్షణం అలా చూసి, నవ్వాడు. ఏడాది తర్వాత నవ్వడం. కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వి, 'వీడికొకటి పొయ్యి, డోరీన్, నా లెక్కలో' అన్నాడు. నేనే పోశాను. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తాగారు."

రాబ్సన్ రాయడం ఆపి ఆమె వైపు చూశాడు. "దీంతో బెదిరింపు లేనట్టే, మిసెస్ హెస్లప్. ఇది ఏం చేస్తుందో మీకు తెలుసు కదా?"

"మీరే చెప్పారు."

"ఎందుకు చెబుతున్నారు?"

"ఆ నవ్వు లేకపోతే మా ఆయన కంచె దాటేవాడు కాదు," అంది. "ఏడాది పాటు ఆ మడి వైపు చూడ్డానికే సిగ్గుపడ్డాడు. వాళ్లిద్దరికీ మళ్లీ కుదిరింది కాబట్టే వెళ్లాడు. రెండూ కలిపి రాయండి. ఒకటి లేకుండా ఒకటి అర్థం కాదు."

"రాస్తాను," అన్నాడు రాబ్సన్. రాశాడు కూడా. ఆమె చదివి సంతకం పెట్టింది.

శనివారం ప్రదర్శన జరిగింది. ప్రదర్శన అయ్యాక లీకులన్నీ కలిపి ఊరి ముసలివాళ్లకి సూప్ కాయడం ఆనవాయితీ. క్లబ్బు నుంచి బ్యాండు వినపడుతుండగా డోరీన్ వాల్ట్ లీకులు మూడూ పలక మీద పెట్టి, చక్రాలుగా తరిగి, బంగాళదుంపతో ఉడకబెట్టింది. చాలా అయింది. మూడు రోజులు అదే తింది.

*

ఫిబ్రవరిలో కోర్టు. నగరానికి వెళ్లే మొదటి బస్సు పట్టుకుని, నల్లకోటు వేసుకుని, చెప్పాల్సింది మనసులో పదేపదే అనుకుంటూ వెళ్లింది. వరండాలో ప్రభుత్వ వకీలు ఆమె దగ్గరికొచ్చాడు. కుర్రవాడు. కోర్టులో వకీళ్లు పెట్టుకునే తెల్ల విగ్గు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"మిసెస్ హెస్లప్, మీకు కొంచెం ఊరట కలిగించే మాట. మీరు సాక్ష్యం చెప్పే బాధ తప్పింది. మాన్‌స్లాటర్‌కి అతను నేరం ఒప్పుకుంటున్నాడు. మేమూ సరేనన్నాం. మీరు రెండోసారి ఇచ్చిన వాంగ్మూలం తర్వాత మర్డర్ నిలబడదు. చాలా నిజాయితీగా చెప్పారు మీరు."

"నేను చెప్పడానికే వచ్చాను."

"విచారణ లేదండి. ఒప్పుకున్నాడు కాబట్టి సాక్షుల్ని పిలవరు. ఈ పూటే శిక్ష వేసేస్తారు."

"మరి పట్టా సంగతి? పొద్దున్న మా ఇంట్లో అన్న మాట?"

"ఫైల్లో ఉంది."

"ఎవరు చదువుతారు?"

అతను విగ్గు అంచు సవరించాడు. "చూడండి, తోటలోకి ఎవరో పాడుచేయడానికొచ్చారని ఫెన్‌విక్ నమ్మాడు. అది నిజంగానే నమ్మాడని మేం ఒప్పుకున్నాం. మీ ఆయన ఎందుకొచ్చాడన్నది ఇక దీనికి అక్కర్లేదు. ఏ కారణంతో వచ్చినా నేరం మారదు."

"నేరం మారదు, బాబూ. మా ఆయన మారతాడు."

అతనికి అర్థమైంది. మంచి కుర్రవాడే, ముఖం ఎర్రబడింది. కానీ లోపల్నుంచి ఎవరో పిలిచారు.

లోపల అంతా తొందరగా అయిపోయింది. ఆల్ఫ్ బోనులో నిలబడి, ఆదివారం చర్చికి వేసుకునే కోటులో, తన చేతుల కేసి చూసుకుంటూ, "అవును," అన్నాడు. బరువు తగ్గాడు. అతని తరఫు వకీలు పొడుగాటి మనిషి, గొంతు మధురంగా ఉంది. క్లబ్బులో జరిగింది, ఆ హాస్యం, ఆ నవ్వు, ఆ గ్లాసు, డోరీన్ చెప్పిన మాటల్లోనే చదివాడు. "మృతుని భార్యే ఉదారంగా చెప్పిన మాటలివి," అన్నాడు. కోర్టు గదిలో నలుగురు మెచ్చుకోలుగా ఆమె వైపు తిరిగారు. తర్వాత ఆయన అన్నాడు:

"తెల్లవారుజామున, తెరిచిన చాకుతో, మిస్టర్ హెస్లప్ తనది కాని మడిలో ఎందుకున్నారో మనకు ఎప్పటికీ తెలియదు. పోయినవారి గురించి చెడు తలచడం నా కక్షిదారుకి ఇష్టం లేదు. నాకూ లేదు."

డోరీన్ లేచి నిలబడింది. "నాకు తెలుసు," అంది. పెద్దగా అనలేదు. అయినా వినపడింది. నల్లగౌను వేసుకున్న కోర్టు మనిషి, పెద్దావిడ ఒకామె వచ్చి, మెత్తగా భుజం మీద చెయ్యి వేసి, "కూర్చో తల్లీ, ఇప్పుడు మాట్లాడకూడదు," అంది. జడ్జి కళ్లజోడు పైనుంచి చూసి, జాలిగా తల ఊపి, ముందుకు సాగాడు. నాలుగేళ్లు వేశాడు. అందులో సగం బయటే గడుస్తుందని వెనక ఎవరో అన్నారు.

మెట్ల దగ్గర నాన్సీ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ మేలు ఈ జన్మకి మరిచిపోను, డోరీన్."

"నేను నీకేమీ చేయలేదు. నాన్సీ, వాల్ట్ ఎందుకొచ్చాడో నన్నడిగావు. గుర్తుందా?"

"అవన్నీ ఇప్పుడెందుకే," అంది నాన్సీ, ఎంతో ఆప్యాయంగా. "అయిపోయింది కదా. మా మనసులో వాల్ట్ మీద ఏమీ లేదు. ఆల్ఫ్ కూడా అదే అన్నాడు. క్షమించేశాం."

డోరీన్ చేతులు వెనక్కి తీసుకుంది. బస్సు కోసం నిలబడితే ఆ వీధిలో గాలి అంతగా లేదు.

*

మళ్లీ సెప్టెంబరు వచ్చింది. డోరీన్ క్లబ్బులో గ్లాసులు తుడుస్తోంది. శుక్రవారం, హాలు నిండా జనం. లీకుల లావుల గురించి వాదనలు, పందేలు. ముసలి హెన్రీ బెంచీ మీదే ఉన్నాడు.

"దుప్పట్లు దించారా షెడ్లలోకి?" అని అడిగింది సెప్‌ని, గ్లాసు నింపుతూ.

"లేదు తల్లీ. ఈసారి ఎవరూ కాపలా ఉండట్లేదు."

"ఎందుకని?"

"ఏముంది, వయసులు మీద పడ్డాయి. మడతకుర్చీల్లో నడుములు పట్టేస్తున్నాయి." పక్కనున్న ఇద్దరు తలలూపారు. వెనకనుంచి ఎవరో, "ఇక భయమేముందిలే," అన్నారు. అన్నవాడి మోకాలి మీద మరెవరో తట్టారు.

"నిరుటిదాకా లేని నడుం నొప్పులా, సెప్?" అంది డోరీన్.

సెప్ గ్లాసు తీసుకున్నాడు. ఈసారి, "చంపేస్తా" అని ఆ హాలులో ఎవరూ అనలేదు. ఎవరో పందెం సంగతి మళ్లీ ఎత్తారు. కాసేపటికి అందరూ ఎప్పటిలాగే మాట్లాడుకున్నారు.

ఆ వారం మగాళ్లందరూ ఇళ్లలోనే పడుకున్నారు. ఒక్క లీకు కూడా ఎవరూ కోయలేదు. అది వాల్ట్ మీద వాళ్లకి రుజువుగా సరిపోయింది.

ఆల్ఫ్ ఫెన్‌విక్ లీకులు మొదట కోసిందెవరో ఈనాటికీ తేలలేదు, తేల్చాలని ఎవరూ అనుకోలేదు. ఆ పొద్దున వంటింట్లో వాల్ట్ అన్న మాటలు ఫైల్లో ఉన్నాయి. వాటిని బయటికి చదివినవారు లేరు.